డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము

ఈ సంవత్సరపు మహాసభ సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాసి పంపవలసినదిగా సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. దాతలు, కవులు, న్యాయవాదులు, దివానులు మున్నగువారి చరిత్రములు గత సంచికలలో వెలువడియే యున్నవి. మేము జీవితమంతయు పాఠశాలయందు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్నవారము. కావున మాకు తెలిసిన లోకమునుండియే, అనగా బడినుండియే, ఒకనిని ఎన్నుకొంటిమి. మెట్రిక్యులేషను పరీక్ష రెండుమాఱులు తప్పిన ఆ బాలుడే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన గతించి డెబ్బదియైదు సంవత్సరములు దాటినది. ఆయన ప్రయోగశాలలో ప్రారంభమైన కార్యమువలన పుట్టిన మందు మాత్రము నేటికిని కేన్సరు పీడితులైన శిశువులకు వారమునకొకమాఱు ఈయబడుచున్నది.

ఈ చరిత్రము వ్రాయుటకు మాకు స్వంత కారణమొకటి కలదు. దానిని తుదియందు నివేదించుకొందుము. రసాయనశాస్త్రమున మేము పండితులము కాము. చదివి గ్రహించినంతవఱకు సులభముగా చెప్పుటకు ప్రయత్నించెదము. పాఠకమహాశయులు దోషములను మన్నింతురుగాక.

బాల్యము, విద్య

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన పశ్చిమగోదావరి మండలమునందలి భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. సంతానము పెద్దది, రాబడి చిన్నది. తండ్రి అనారోగ్యముచేత ఉద్యోగము విడువవలసి వచ్చుటతో కుటుంబము కష్టముల పాలయ్యెను. పదుమూడేండ్ల ప్రాయమున ఈ బాలుడు కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి బయలుదేఱెననియు, తల్లి వెదకించి వెనుకకు రప్పించెననియు చెప్పుదురు. ఆ తల్లి పట్టుదల గలది. కుమారుని చదువు విడువనిచ్చినది కాదు.

రాజమహేంద్రవరమున చదువుచు ఆయన పరీక్ష రెండుమాఱులు తప్పెను. మూడవమాఱు చెన్నపట్టణమునందలి హిందూ హైస్కూలునుండి హాజరై కృతార్థుడయ్యెను. పిదప ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియేటు చదివెను. అప్పటికే మనస్సు వైరాగ్యమువైపు మొగ్గియుండెను. రామకృష్ణ మఠమున చేరి సన్న్యసింపవలెనని కోరగా తల్లి అంగీకరింపలేదు. తల్లి యనుమతి లేనిదే మఠమువారును చేర్చుకొనలేదు. రోగులకు సేవ చేయుటయు ఈశ్వరారాధనమే కావున వైద్యవిద్య నభ్యసింపుమని వారు హితవు చెప్పిరి. ఆ హితవే ఆయనను మద్రాసు వైద్యకళాశాలకు చేర్చినది. 1919లో శేషగిరిగారితో వివాహము జరిగినది. చదువు సాగుటకు మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ధనసహాయము చేసిరి.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మ్రోగుచున్న దినములు. సుబ్బారావుగారు విదేశవస్త్రమును విడిచి శస్త్రవైద్యశాలలోనికి కూడ ఖద్దరు అంగీతోనే పోయెను. శస్త్రవైద్యాచార్యునకు ఇది సరిపడలేదు. వ్రాతపరీక్షలలో చక్కగా నిలిచినను తుదకు ఎం.బి.బి.ఎస్. పట్టము రాలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. అను పట్టముతో ఆయన కళాశాలనుండి వెలువడెను. ధరించిన బట్ట వెల ఇంత యగునని అప్పుడాయనకు తెలిసియుండదు. ఆ చిన్న పట్టము సముద్రము దాటిన పిదపకూడ ఆయనను వెన్నాడినది.

ఇంతలో గృహమున ఘోరమైన విపత్తు సంభవించెను. పురుషోత్తము, కృష్ణమూర్తి యను ఇద్దఱు సోదరులు కొలది దినముల వ్యవధిలో ఒకే వ్యాధిచేత మరణించిరి. ఆంగ్లవైద్యులు దానిని స్ప్రూ అందురు. మన వైద్యగ్రంథములలో చెప్పబడిన గ్రహణి రోగమునకు అది చేరువైనది. ప్రేవులు ఆహారసారమును గ్రహింపజాలవు, రక్తము క్షీణించును, మనుష్యుడు ఎండిపోవును. సుబ్బారావుగారికిని ఆ వ్యాధియే సోకెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే ఆయన బ్రతికి బయటపడెను. ఆ కృతజ్ఞతతో లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలయందే శారీరశాస్త్రమును బోధింప మొదలిడెను. తన సోదరులను మ్రింగిన రోగమునకు మూలమేమి? తనను బ్రతికించిన ఔషధమునందలి సారమేమి? ఈ రెండు ప్రశ్నలకు ఉత్తరము వెదకవలెనన్న దూరదేశమునకు పోయి చదువుటకంటె వేఱు మార్గము కనబడలేదు.

పోవుటకు ధనమెచ్చటిది? ఇచ్చట మన సభవారు ప్రత్యేకముగా గమనింపవలసిన విషయమొకటి కలదు. మల్లాడి సత్యలింగ నాయకరుగారు రంగూనునకు పోయి వర్తకమున నార్జించిన ధనమును ధర్మకార్యములకై విడిచి గతించిన పుణ్యపురుషులు. వారి పేర కాకినాడలో వెలసిన ధర్మసంస్థ సుబ్బారావుగారి విదేశవిద్యకు సహాయము చేయుట కంగీకరించెను. దాత ఒక కులమువాడు, గ్రహీత మఱియొక కులమువాడు. ఆ ధర్మమునకు అది అడ్డు కాలేదు. మామగారు కొంత సమకూర్చిరి. గర్భవతియైన భార్యను ఇంట విడిచి, కొలది యేండ్లలో మఱలి రాగలనను తలంపుతో ఆయన ఓడ నెక్కెను.

బోస్టను నగరమున

1923 అక్టోబరు 26వ తేదీన సుబ్బారావుగారు అమెరికాలోని బోస్టను నగరమున అడుగిడిరి. ఆ యేటనే, ఫిబ్రవరి మాసమున, భారతీయులు అమెరికా పౌరసత్వమునకు అర్హులు కారని ఆ దేశపు ఉన్నతన్యాయస్థానము తీర్పు చెప్పియుండెను. 1946లో శాసనము మాఱువఱకు ఆ నిషేధము తొలగలేదు. హార్వర్డు విశ్వవిద్యాలయమునందలి ఉష్ణదేశవైద్యశాఖకు అధిపతియైన రిచర్డు స్ట్రాంగుగారు ఆయనను చేర్చుకొనిరి. అయినను ఎల్.ఎం.ఎస్. పట్టమును చూచి వైద్యుడుగా ఉద్యోగమిచ్చువారు లేరైరి. పీటరు బెంటు బ్రిగము అను ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలను ఎత్తి కడుగు పని దొరకెను. పగలు చదువు, రాత్రి ఆ పని. సేవయే ఈశ్వరారాధనమని మఠమువారు చెప్పిన మాట ఆయనకు ఆ రాత్రులలో ఎన్నిమాఱులు తలపునకు వచ్చినదో!

1924లో ఉష్ణదేశవైద్యమున డిప్లొమా లభించెను. ఆ దినములలోనే ఇంటినుండి దుర్వార్త వచ్చినది. తాను ముఖమైన చూడని కుమారుడు శైశవముననే గతించెను. దుఃఖమును దిగమ్రింగి ఆయన జీవరసాయనశాస్త్రవిభాగమున సైరసు ఫిస్కె అను ఆచార్యుని ప్రయోగశాలలో చేరెను.

రక్తమునందును మూత్రమునందును ఎంత భాస్వరము కలదో కొలుచుట ఆ కాలమున మిక్కిలి కష్టమైన పని. ఫిస్కె, సుబ్బారావులు 1925లో దానికొక సులభమైన పద్ధతిని ప్రకటించిరి. ద్రవమునందు నీలవర్ణము పుట్టును. నీలము ఎంత గాఢమైన భాస్వరము అంత ఎక్కువ. వారిద్దఱి పేర వెలసిన ఈ పద్ధతిని ప్రపంచమందలి జీవరసాయన విద్యార్థులు తరతరములుగా నేర్చుకొనుచు వచ్చిరి.

కొలుచుట చేతనైన పిదప కనుగొనుట సాధ్యమయ్యెను. 1927లో కండరములయందు ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమున్నదని వారు వెల్లడించిరి. కండరము పనిచేయునప్పుడు అది తఱుగును, విశ్రమించినప్పుడు మఱల పెరుగును. కండరబలమునకు లాక్టిక్ ఆమ్లమే మూలమను సిద్ధాంతము అంతకు పూర్వము పాతుకొనియుండెను. ఆ పరిశోధనలకే హిల్, మయరుహాఫ్ అను పండితులకు 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము వచ్చియుండెను. చెన్నపురినుండి వచ్చిన యువకుడు పాల్గొన్న పనివలన ఆ సిద్ధాంతము కదలిపోయినది. 1929లో, జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడు స్వతంత్రముగా కనుగొన్న కాలముననే, ఫిస్కె సుబ్బారావులు ఏ.టి.పి. అను పదార్థమును వేఱుచేసిరి. ప్రాణికోటికంతకును శక్తిని వ్యవహారమున మార్పు చేసికొను నాణెము వంటిది ఇది. మన హృదయస్పందనము, మన కనుఱెప్పపాటు, ఈ పంక్తులు వ్రాయుచున్న మా వ్రేళ్ల కదలిక, సర్వమును ఆ నాణెము వెచ్చించినగాని జరుగవు. నేడు జీవశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు దానిని బడిలోనే నేర్చుచున్నాడు, కాని కనుగొన్నవారిలో తెలుగువాడొకడున్నాడని ఎందఱెఱుగుదురు?

1930లో ఆయనకు పిహెచ్.డి. పట్టము వచ్చెను. ఆ పిదప పదేండ్లు హార్వర్డులోనే పనిచేసినను స్థిరమైన ఆచార్యపదవి దొరకలేదు. సుబ్బారావుగారు వేఱుచేసిన కొన్ని పదార్థములు ఆనాడు వెలుగు చూడలేదనియు, వానిని పిదప ఇతరులు మఱల కనుగొనవలసి వచ్చెననియు జార్జి హిచింగ్సుగారు తెలిపియున్నారు. ఆయన ఫిస్కె ప్రయోగశాలలోనే శిష్యరికము చేసి, 1988లో నోబెలు బహుమానమందిన పండితుడు. ఈ హిచింగ్సుగారి పేరు ముందు మఱియొకమాఱు వచ్చును. పాఠకులు జ్ఞాపకముంచుకొన ప్రార్థితులు.

ఫోలిక్ ఆమ్లము

1940లో సుబ్బారావుగారు హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివరను ఊరిలోనున్న లెడర్లీ ఔషధ ప్రయోగశాలలో చేరిరి. త్వరలోనే అచ్చటి పరిశోధనలకన్నిటికిని నిర్దేశకులైరి. ఇచ్చట ఆయన ముందు నిలిచినది పూర్వపు ప్రశ్నయే. రక్తక్షయమును మాన్పు సారము కాలేయమునందు కలదని వైద్యులెఱుగుదురు. ఆ సారమేమి?

ఈ కథకు మన దేశముతో మఱియొక సంబంధము కలదు. 1928 మొదలు కొన్ని సంవత్సరములు లూసీ విల్సు అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో బీదస్త్రీలకు గర్భధారణ సమయమున కలుగు రక్తక్షయమును పరిశీలించెను. ఈస్టుతో చేసిన చవుకయైన ఆహారపదార్థము తినిపింపగా వారు కోలుకొనుట ఆమె చూచెను. అందేదియో తెలియరాని ఔషధము దాగియున్నదని తేలినది. 1941లో అమెరికా పండితులు పాలకూర ఆకులనుండి ఇట్టి పదార్థమును గ్రహించి, ఆకును తెలుపు లాటిను పదమునుండి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. కాలేయమునుండియు ఆకులనుండియు వచ్చునది అత్యల్పము. ఎన్ని మణుగుల ఆకు మరగించినను రోగులకు సరిపోదు. దాని నిర్మాణమును తెలిసికొని ప్రయోగశాలలో చేయవలెను.

సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు 1945లో ఆ కార్యమును సాధించిరి. దాని వివరములను ప్రకటించిన వ్యాసమున పదునాఱుగురి పేర్లు కలవు. సుబ్బారావుగారి పేరు మొదట లేదు, చివరను లేదు. పలువురి నడుమ నొకటిగా మాత్రమున్నది. ఫోలిక్ ఆమ్లముతో గర్భిణుల రక్తక్షయము మానెను. స్ప్రూ రోగులు లేచి కూర్చుండిరి. సోదరులిద్దఱిని బలిగొన్న వ్యాధికి మందు సోదరునిచేతిమీదుగా వచ్చినది. వారికి మాత్రము పాతికయేండ్లు ఆలస్యమైనది. నేడు మన గ్రామములలో గర్భవతులకు ఇనుముతో కలిపి ఇచ్చు మాత్రలలో ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

స్వరభేదము

ఇక ఈ చరిత్రమున ముఖ్యమైన ఘట్టమునకు వచ్చితిమి. బోస్టనునందలి శిశువైద్యశాలలో సిడ్నీ ఫార్బరు అను రోగనిదానశాస్త్రజ్ఞుడుండెను. ఎముకల మూలుగలో పుట్టు తెల్లకణములు అదుపు తప్పి పెరుగుటచే కలుగు ల్యుకీమియా, అనగా రక్తపు కేన్సరు, సోకిన బిడ్డలు ఆ కాలమున కొన్ని వారములలోనో, నెలలలోనో గతించుచుండిరి. చికిత్స లేదు. ఫోలిక్ ఆమ్లపు జాతికి చెందిన పదార్థములను ఫార్బరు లెడర్లీనుండి తెప్పించి ఆ బిడ్డలకు ఇచ్చి చూచెను. ఫలము విపరీతమైనది. వ్యాధి తగ్గుటకు మాఱుగా విజృంభించినట్లు కనబడెను. మందు పోషించినది బిడ్డను కాదు, రోగకణమును.

మఱియొకడైన ప్రయోగము చాలించియుండును. ఫార్బరు దానినుండియే ఒక ఊహకు వచ్చెను. ఈ పదార్థము రోగకణమునకు ఆహారమైనచో, ఆహారమువలె కనబడి ఆహారము కాని పదార్థమునిచ్చిన ఆ కణము నశింపవలెను గదా! సుబ్బారావుగారి ప్రయోగశాలలో అట్టి మాఱువేషపు పదార్థములను చేయుట ఆరంభమైయుండెను. డోరిస్ సీగరు అను రసాయనశాస్త్రజ్ఞురాలు మున్నగువారు ఫోలిక్ ఆమ్లపు అణువునందు ఒకచోట ఆక్సిజనుతో కూడిన చిన్న భాగమును తీసి నైట్రజనుతో కూడిన భాగమును నిలిపిరి. తక్కినదంతయు యథాతథము. దీనికి అమినోప్టెరిన్ అని పేరు.

ఇంత స్వల్పభేదము ప్రాణములను నిర్ణయించునాయని శంకింపవచ్చును. సంస్కృతము చదివినవారికి ఇంద్రశత్రువు కథ తెలియును. ఇంద్రుని చంపు కుమారుని కోరి త్వష్ట యజ్ఞము చేసెను. మంత్రమునందలి ఒక్క పదమున స్వరము మాఱెను. అక్షరములన్నియు అవే, పలికిన తీరు మాత్రమే వేఱు. ఇంద్రుని చంపువాడని కోరబోయిన మాట ఇంద్రునిచే చంపబడువాడను అర్థమునిచ్చెను. వృత్రుడు అట్లే హతుడయ్యెను. అమినోప్టెరిన్ స్వరము మాఱిన ఫోలిక్ ఆమ్లము. రోగకణము దానిని తన మంత్రమనుకొని ఉచ్చరించును, ఆ యుచ్చారణమే దానికి మృత్యువగును.

1948 జూను మాసమున ఫార్బరుగారు ఫలితములను ప్రకటించిరి. మందు పుచ్చుకొన్న పదునాఱుగురు శిశువులలో పదిమందికి వ్యాధి తగ్గుముఖము పట్టెను. మంచము పట్టిన బిడ్డలు ఆటలాడిరి. ఈ ఫలము తాత్కాలికమని ఆయన దాచలేదు. కొన్ని నెలలకు రోగము తిరుగబెట్టెను. అయినను అంతవఱకు మందుకు లొంగని ఈ కేన్సరు మొదటిమాఱు వెనుకడుగు వేసినది. వైద్యులు అట్టి వెనుకడుగును చూచుట క్రొత్త. కేన్సరునకు రసాయనౌషధచికిత్స చరిత్రమున ఇది యొక మహాప్రారంభము.

అమినోప్టెరిన్‌కు చెల్లెలివంటిది మెథోట్రెక్సేటు. అదియు లెడర్లీలోనే పుట్టినది, దానికంటె నిలుకడయైనది. మావి కణములనుండి పుట్టు ఒక దారుణమైన కేన్సరునకు 1956లో లీ, హెర్ట్జి అను వైద్యులు ఈ మందునిచ్చి, ఆ రోగము పూర్తిగా మాన్పవచ్చునని చూపిరి.

ఈ మందు పనిచేయు విధము సుబ్బారావుగారి తరువాతనే విశదమైనది. కణము రెండుగా చీలుటకు ముందు తన వంశలిపియైన డి.ఎన్.ఏ.కు ప్రతి వ్రాసికొనవలెను. ఆ లిపిలో నాలుగే అక్షరములు. అందొకదానిని సిద్ధపఱచుటకు ఫోలిక్ ఆమ్లపు సహాయము కావలెను. ఆ సహాయమును సిద్ధముగా నుంచునది ఒక ఎంజైము. మెథోట్రెక్సేటు పోయి ఆ ఎంజైమును గట్టిగా పట్టుకొనును. అక్షరము దొరకదు, ప్రతి వ్రాయుట ఆగును, త్వరత్వరగా చీలు కేన్సరు కణము మొదట చచ్చును. వెండ్రుకల మూలములు, నోటి పొర మున్నగు ఆరోగ్యకణములును త్వరగా చీలునవే కావున రోగికి బాధలు తప్పవు.

రోగకణమును ఊరకుండదు. 1978లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున షిమ్కెగారును ఆయన సహచరులును ఒక వింతను కనుగొనిరి. మందునకు లొంగని కణములు ఆ ఎంజైమును తయారుచేయు జన్యువునకు పెక్కు ప్రతులు వ్రాసికొనుచున్నవి! శత్రువు ఒక ద్వారమును మూసిన పది ద్వారములు తెఱచినట్లు. ఈ విధముగా ఒక మందు జన్యుశాస్త్రమునకే పాఠము చెప్పినది. కేన్సరు కణము తన లిపిని తానే మార్చుకొనగలదనుటకు ప్రత్యక్షనిదర్శనము దొరకెను. అందుచేతనే నేడు వైద్యులు ఒక్క మందును నమ్మక పెక్కు మందులను కలిపి ఇత్తురు. శిశువుల ల్యుకీమియా చికిత్సలో మెథోట్రెక్సేటునకు తోడుగా వచ్చు మఱియొక మందు మెర్కాప్టోప్యూరిన్. దానిని చేసినవారు గెర్ట్రూడు ఎలియను, జార్జి హిచింగ్సు. ఒకే ఆచార్యుని ప్రయోగశాలలో మెలగిన ఇద్దఱి కృషి ఈనాడు ఒక పసిబిడ్డ రక్తమున కలిసికొనుచున్నది. మంచి సంరక్షణ దొరకిన చోట్ల ఆ వ్యాధి సోకిన బిడ్డలలో పెక్కుమంది నేడు పూర్తిగా కోలుకొని పెద్దవారగుచున్నారు.

ఇతర ఔషధములు, తుదిదినములు

సుబ్బారావుగారి నిర్దేశమున వెలువడిన మఱి రెండు మందులను చెప్పకున్న ఈ చరిత్రము కొఱతపడును. 1947లో ఆయన సహచరులు బోదకాలు పురుగును చంపు హెట్రజాను అను మందును ప్రకటించిరి. బోదకాలు మన సముద్రతీర మండలములకు చిరకాలశత్రువు. సంవత్సరమునకొకమాఱు ఇంటింటికి వచ్చి మ్రింగించిన డి.ఇ.సి. మాత్ర ఆ హెట్రజానే. భీమవరపు బిడ్డ భీమవరమునకు తిరిగి రాలేదు గాని, ఆయన మందు వచ్చినది. రెండవది ఆరియోమైసిను. మన్నునందలి సూక్ష్మజీవులలో ఔషధములు వెదకుటకై ఆయన బెంజమిను డగ్గరు అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞునకు చోటు కల్పించెను. డెబ్బది దాటిన ఆ పండితుడు బంగారువర్ణపు సూక్ష్మజీవినుండి ఆ మందును తీసెను. 1948లో లోకమునకు తెలిసిన ఈ మందు టెట్రాసైక్లినుల జాతికి మొదటిది. పెన్సిలినునకు లొంగని పెక్కు వ్యాధులకు అది పనిచేసినది.

ఆ 1948వ సంవత్సరమే ఆయనకు తుది సంవత్సరము. ఫార్బరుగారి వ్యాసము వెలువడిన రెండు నెలలకు, ఆగస్టు మాసమున, పెరల్ రివరులో నిద్రయందే హృద్రోగముచే సుబ్బారావుగారు గతించిరి. వయస్సు ఏబదిమూడు. స్వతంత్రభారతము పుట్టి యొక యేడు నిండలేదు. ఆయన ఆ స్వతంత్రదేశమును కన్నులార చూడలేదు. శేషగిరిగారిని విడిచి ఓడ నెక్కిన దినమునుండి పాతికయేండ్లు గడచినవి. ఆ దంపతులు మఱల కలిసికొనలేదు. ఆమె భర్తను పోగొట్టుకొన్నది 1948లోనా, 1923లోనా? మేము చెప్పజాలము. ఆయన త్యాగమును కొనియాడు వ్యాసములు పెక్కు చదివితిమి. ఆ త్యాగమున సగము ఆమెదని వ్రాసినవి తక్కువ. ఆయన తానుగా ఎన్నుకొన్న మార్గమున నడచెను, ఆమెను ఎవరును అడిగియుండరు. ఈ మాట ఆయన కీర్తికి కళంకము కాదు, లెక్క సరిగా వ్రాయుట మాత్రమే.

నోబెలు బహుమానము ఆయనకు రాలేదు. 1995లో శతజయంతి సందర్భమున భారతప్రభుత్వము ఆయన పేర తపాలాబిళ్ల వెలువరించినది. పదవి, పట్టము, బహుమానము అను కొలతలలో దేనిని పట్టి చూచినను ఆయన తక్కువగానే తూగును. మందును పట్టి తూచిన, సాటివారు కొలదిమందియే.

మనవి

ఇక మా స్వంత కారణము. మేము ఉపాధ్యాయులుగా నున్న కాలమున ఒక బాలుడు పదవతరగతి పరీక్ష రెండుమాఱులు తప్పెను. అతని తండ్రి మా సలహా నడిగెను. వీనికి చదువు రాదు, దుకాణములో పెట్టుమని మేము చెప్పితిమి. తండ్రి మా మాటను గౌరవించి అట్లే చేసెను. ఆ బాలుడు తరగతిలో ప్రశ్నలడుగువాడు. ఎన్నో ప్రశ్నలకు మేము ఉత్తరము చెప్పలేక కూర్చుండుమంటిమి. సుబ్బారావుగారి చరిత్రమును మొదట చదివిన రాత్రి మాకు ఆ బాలుని ముఖము కనబడెను. అతడు మహాశాస్త్రజ్ఞుడై యుండునని మేమనము. మూడవమాఱు వ్రాయు అవకాశమును అతనికి లేకుండ చేసినది మా మాట. అంతవఱకు నిజము.

మన సంఘపు విద్యానిధి నియమావళిని ఈ సంచిక తుదిపుటలలో పాఠకులు చూడగలరు. మొదటి ప్రయత్నమున ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులైనవారే ఉపకారవేతనమునకు అర్హులని అందున్నది. నియమము సదుద్దేశముతో చేసినదే, ధనము స్వల్పమగుటచే నిర్ణయమునకొక గీత గీయక తప్పదు. కాని ఆ గీత ప్రకారము మల్లాడివారి ధర్మసంస్థ నడచియుండిన, సుబ్బారావను యువకుడు కాకినాడ గుమ్మమునుండియే తిరిగి పోయియుండును. కావున నిధిలో కొంతభాగమును, అది పదియవ వంతైనను సరే, పరీక్ష తప్పి మఱల వ్రాయదలచిన పేదవిద్యార్థుల రుసుములకు ప్రత్యేకింపవలసినదిగా మహాసభవారిని సవినయముగా ప్రార్థించుచున్నాము. అట్టివారిలో శేషగిరమ్మలును ఉందురు, వారి చదువుకూడ ఎవరైన అడుగవలెను.

దాతలకు మఱియొక విన్నపము. సత్యలింగ నాయకరుగారు సుబ్బారావుగారిని చూడలేదు. తన ధనము ఎవరికి చేరునో, దేనికి ఫలించునో ఆయన యెఱుగడు. ఇచ్చి పోయెను. ఈ సంవత్సరము నిధికి మావంతుగా ఒక నెల పింఛనును ఆ తప్పిన విద్యార్థుల పద్దున జమ కట్టవలసినదిగా కోశాధికారిగారికి పంపియున్నాము.